రికార్డు రాసిన పిల్ల

హాస్టల్లో మమ్మల్ని ఊరి పేర్లతో పిలిచేవాళ్లు. నేను గద్వాల. ఆమె కోడేరు. అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేవి కావు. వనపర్తి దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు మేమిద్దరం ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద ఉన్నాం. ఒకే కొబ్బరినూనె సీసా, ఒకే ఇస్త్రీ పెట్టె, పరీక్షలప్పుడు ఒకే నోటుబుక్కు. నోటుబుక్కు ఎప్పుడూ ఆమెదే.

వాళ్ల అమ్మానాన్నలు కూలి పనికి పోయేవాళ్లు. ఊళ్లో పని దొరకని నెలల్లో పుణెకు, బిల్డింగుల పనికి వెళ్లేవాళ్లు. ఇంటర్ అయ్యాక ఆమె కూడా ఒక ఏడాది వాళ్లతో అక్కడే ఉంది. ఆ సైటులో ఎలక్ట్రీషియన్ వెంట తిరిగి వైర్లు లాగడం, కాలిపోయిన స్టార్టరు విప్పి మళ్లీ కట్టడం నేర్చుకుంది. అందుకే మాకు పుస్తకంలో బొమ్మగా కనబడేది ఆమెకు చేతిలో వస్తువుగా కనబడేది. ల్యాబులో ఏ పరికరమైనా మొరాయిస్తే ల్యాబు సారు మా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి, "కోడేరు అమ్మాయిని ఒకసారి పంపండి" అనేవాడు. మాట్లాడమంటే మాత్రం ఆమెకు చెమటలు పట్టేవి. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాస్తే ఒక్క తప్పూ ఉండేది కాదు. నలుగురిలో నిలబడితే మాట నోట్లోనే ఉండిపోయేది.

మూడో ఏడు చివర్లో మేము చేసిన ప్రాజెక్టు ఆలోచన మా ఇంట్లో పుట్టింది. మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. నేస్తున్నప్పుడు అంచులో ఒక్క పట్టు పోగు తెగి, నేసేవాళ్లు చూసుకోకపోతే జానెడు నేత అలాగే సాగిపోతుంది. తర్వాత అదంతా విప్పుకోవాలి. మా నాన్న కళ్లు మసకబారినప్పటి నుంచి ఇది తరచూ జరిగేది. సెలవుల తర్వాత హాస్టల్‌కు వచ్చి ఈ మాట చెబితే ఆమె మంచం మీద లేచి కూచుంది.

"పోగు తెగితే దీపం వెలగాలె. గంతే కదా? చేద్దాం పట్టు" అంది.

తర్వాతి సెలవులకు ఆమెను గద్వాల తీసుకెళ్లాను. మొదటి రోజు మా అమ్మ అందరికీ చాయ్ ఇచ్చి, ఆమెకు మాత్రం గూట్లోంచి వేరే గ్లాసు తీసి అందులో పోసింది. నేను చూశాను. ఆమె కూడా చూసింది. చాయ్ తాగి ఆ గ్లాసు తనే కడిగి గోడవార బోర్లించింది. నేను అమ్మతో ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆమెతోనూ ఏమీ అనలేదు.

మూడు రోజులు ఆమె మగ్గం పక్కన నేల మీద కూచుని చూస్తూ ఉండిపోయింది. నాలుగో రోజు సన్నటి ఇనుప పుల్లలు తెచ్చి, ఒక్కో పోగుకు ఒక్కోటి వేలాడదీసింది. పోగు తెగితే పుల్ల కింది రేకు మీద పడుతుంది, పడగానే మా నాన్న కళ్ల ముందు ఎర్ర బల్బు వెలుగుతుంది. చెప్పడానికి ఇంతే. పుల్ల బరువెక్కువైతే బాగున్న పోగే తెగేది. తక్కువైతే మగ్గం ఊపుకే బల్బు వెలిగేది. ఆ బరువు కుదిరేదాకా ఎన్ని పుల్లలు అరగదీసిందో లెక్క లేదు. ఊపుకూ తెగడానికీ తేడా పట్టే ప్రోగ్రాము కూడా ఆమే రాసింది. నేను ఏం చేశానంటే, నాన్నను ఒప్పించాను. మగ్గం ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పాను. పుల్లలు అందించాను. చివర్లో రికార్డు రాశాను, బొమ్మలతో సహా నలభై పేజీలు. నా దస్తూరి బాగుంటుంది.

ఒకసారి తెగిన పోగును ఆమే అతకడం చూసి అమ్మ నన్ను పిలిచింది. "ఏందే, గీ పిల్ల చేతి ఏళ్లు జూడు. పోగు నలగకుంట పడ్తుంది. మగ్గం మీద కూసోబెడితే నెలరోజులల్ల నేర్సుకుంటది" అంది. ఆ పూట నుంచి వేరే గ్లాసు గూట్లోంచి దిగలేదు.

హైదరాబాదులో జరిగిన విద్యార్థుల పోటీలో ఆ ప్రాజెక్టుకు మొదటి బహుమతి వచ్చింది. మా కాలేజీకి అలాంటిది అదే మొదలు. కప్పు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల అల్మారాలో పెట్టారు. సర్టిఫికెట్ల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ వారమంతా మెస్సులో వంటావిడ మా ఇద్దరికీ పెరుగు రెండోసారి వేసింది.

ఆఖరి ఏడులో క్యాంపస్ ఇంటర్వ్యూల కాలం వచ్చింది. మా దాకా కంపెనీలు వచ్చేవి కావు. నాలుగైదు చిన్న కాలేజీల పిల్లలను హైదరాబాదులో ఒక చోటికి పిలిచేవాళ్లు. అంతకుముందు నెల రోజులు మాకు ట్రైనింగు ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. టై కట్టుకుని, మా ఎండకు తట్టుకోలేక మాటిమాటికి మొహం తుడుచుకునేవాడు. ఆయన ఒక మాట పదే పదే చెప్పాడు. "ఇంటర్వ్యూలో మేము అనకండి. వాళ్లు తీసుకునేది మిమ్మల్ని, మీ స్నేహితులను కాదు. నేను చేశాను, నేను ఆలోచించాను అనండి."

గదిలో మేమిద్దరం ఒకరినొకరం ఇంటర్వ్యూ చేసుకునేవాళ్లం. ఆమె ప్రతిసారీ "మేము" అనే మొదలుపెట్టేది. నేను దిండు విసిరేదాన్ని.

"నేను అనవే!"

"ఒక్కదాన్నే చెయ్యలే కదా, ఎట్లంట?" అనేది. నవ్వేది. మళ్లీ "మేము" అనేది.

ఆ రోజు తెల్లవారకముందే కాలేజీ బస్సెక్కాం. పొద్దున రాతపరీక్ష, మధ్యాహ్నం కంప్యూటర్ మీద పరీక్ష. మా బస్సులోంచి ఇంటర్వ్యూ దాకా మిగిలింది నలుగురం. నేను మొదట, ఆమె ఆఖరున. నన్ను పిలిచినప్పుడు ఆమె నా చున్నీ సర్ది, "జర మెల్లగ మాట్లాడు, ఉరుకకు" అంది.

లోపల ఒక సారూ, ఒక మేడమూ ఉన్నారు. మేడం నా కాగితాలు తిప్పి, బహుమతి వచ్చిన ప్రాజెక్టు గురించి అడిగింది. మా ఇంటి మగ్గం గురించి చెప్పాను. మేడంకు నచ్చింది. కుర్చీలో ముందుకు జరిగింది. అప్పుడు సారు అడిగాడు, సర్క్యూటు ఎవరు చేశారని.

"నేను" అన్నాను.

ప్రోగ్రాము?

"నేనే."

టీములో ఇంకో పేరుంది కదా, ఆ అమ్మాయి ఏం చేసింది?

ఆ ప్రశ్నకు ఆలోచించుకునే సమయం నాకు ఉంది. తడబడలేదు. భయంలో నోరు జారిందని ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా లేదు. "తను రికార్డు రాసింది సార్. దస్తూరి బాగుంటుంది" అన్నాను. నేను చేసిన పనిని ఆమెకు, ఆమె చేసిన పనిని నాకు మార్చేశాను. ట్రైనింగు ఆయన "నేను" అనమన్నాడే గాని ఇది చెప్పమనలేదు.

బయటకు వచ్చాక ఆమె నా మొహం చూసి, "మంచిగైందా?" అని అడిగింది. తలూపాను. ఆమె వంతు వచ్చేసరికి బయట ఎండ వాలిపోయింది. లోపలికి వెళ్లి, నేను సగం నీళ్ల సీసా తాగేలోపే బయటకు వచ్చింది. ఏమడిగారని అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయం.

సాయంత్రం జాబితా చదివారు. మా కాలేజీ నుంచి నా పేరొక్కటే. అందరూ అరిచారు. ఎవరో నన్ను ఎత్తారు. ఆమె కూడా వచ్చి నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్కన కూచుని, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు. నాలుగేళ్లు పక్క మంచం మీద పడుకున్న మనిషి ఊపిరి తెలియకుండా ఉండదు.

కాలేజీలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మా నాన్నను గద్వాల నుంచి పిలిపించి వేదిక మీద కూచోబెట్టారు. ఆయనకు ఆ కుర్చీలో ఎలా కూచోవాలో తెలియలేదు. దిగి వచ్చాక, "కోడేరు పిల్లకు రాలేదా?" అని అడిగాడు.

"ఇంటర్వ్యూ సరిగ్గ చెయ్యలే నాయినా."

"అయ్యో. గా పిల్లకు వస్తదనుకుంటి" అన్నాడు. నాకు వస్తుందనుకోలేదని కాదు. ఆయన అలా అనుకునే మనిషి కాదు. కానీ ఆ మాట నా శాలువా కింద చాలా రోజులు గుచ్చుకుంది.

చదువు అయిపోయింది. ఆమె హైదరాబాదుకు వెళ్లి కొన్నాళ్లు ఇంటర్వ్యూలకు తిరిగిందని, తర్వాత ఊరికి వచ్చేసిందని మా క్లాసువాళ్లు చెప్పారు. నేను గద్వాలలో కంపెనీ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూచున్నాను. ఆగస్టులో చేరమన్నారు. ఆగస్టు దగ్గరికొచ్చాక జనవరి అన్నారు. జనవరి వచ్చాక జూన్ అన్నారు. ప్రతిసారీ మెయిల్ ఒకే తీరు, తేదీ మాత్రమే మారేది. వీధిలో ఆడవాళ్లు "ఇంక పోలేదా?" అని అడగడం మొదలుపెట్టాక బయటకు వెళ్లడం తగ్గించాను. అమ్మ పక్కన కూచుని కండెలకు నూలు చుట్టేదాన్ని.

జూన్ దాటాక చివరి మెయిల్ వచ్చింది. మార్కెట్ పరిస్థితుల వల్ల మీకిచ్చిన ఉత్తర్వును వెనక్కి తీసుకుంటున్నాం అని. నాలుగు వాక్యాలు. చివరిది, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు.

నాన్న అప్పుడు మగ్గం మీద ఉన్నాడు. మగ్గం గుంట గట్టు మీద కూచుని చదివి వినిపించాను. ఆయన పోగు అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి, "పోనీలే బిడ్డా, పరేషాన్ గాకు. చదువుకున్నవ్, ఇంకోటి దొరుకుతది" అన్నాడు. ఆయన అలా ఓదార్చకపోతే నేను చెప్పేదాన్ని కాదేమో. ఓదార్పు తీసుకోలేకపోయాను. ఆ రోజు ఇంటర్వ్యూ గదిలో ఏమన్నానో మొత్తం చెప్పేశాను.

మగ్గం గుంటలో ఆయన కాళ్లు కదలకుండా ఉన్నాయి.

"మేం నేసిన చీర మీద మా పేరుంటదా? అంగడోళ్ల పేరుంటది. గా బాధ తెల్సిన ఇంట్ల పుట్టి నువ్వు గట్లెట్ల అన్నవ్ బిడ్డా?" అన్నాడు. తర్వాత, "గా పిల్లకు తెల్సా?" అని అడిగాడు.

"తెల్వదు."

"పోయి చెప్పు."

ఫోన్ చేస్తే ఆమె ఎత్తింది. గొంతు మామూలుగానే ఉంది. కోడేరులో లేనని, అమ్మతో కలిసి గద్వాల అవతల సీడు పత్తి చేలో పనికి వచ్చానని చెప్పింది. మా ఇంటికి బస్సులో గంట దూరం కూడా లేదు. పది రోజులుగా అక్కడే ఉందట, అయినా నాకు ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సీడు పత్తి పని మా వైపు అందరికీ తెలిసిందే. ముందు రోజు సాయంత్రం మొగ్గను ఒలిచి అందులోని పుప్పొడి కాడలు తీసేయాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. చిన్న చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలను పెట్టుకుంటారు. చేను నిండా పదిహేను మంది వంగి ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఆమెను నేను నడకను బట్టి గుర్తుపట్టాను.

నన్ను చూసి నవ్వింది. "గట్టున కూసో, లేకుంటే సాలులకు రా. తొవ్వల నిలబడకు, మేస్త్రి ఒర్లుతడు" అంది.

రెండు వరసల మధ్య సాలులోకి వెళ్లాను. ఆమె పక్కనే వంగి నేనూ పువ్వు అందుకున్నాను. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక రుద్దడం మొదలుపెట్టాను. నాలుగు పువ్వులు రుద్దేసరికి రెండింటి కాడలు విరిగాయి. వెనక నుంచి మేస్త్రి అరిచాడు. "ఎవలామె? పువ్వులన్ని ఖరాబు చేస్తుంది!"

"మా దోస్తు, నేను చూసుకుంటలే" అని ఆమె నా చేతిలోని పువ్వు తీసుకుంది.

అప్పుడు చెప్పాను. ఉద్యోగం పోయిందని ముందు చెప్పాను, తర్వాత అది ఎలా వచ్చిందో. ఆమె పని ఆపలేదు. ఒక్కో పువ్వూ రుద్దుతూ ముందుకు కదులుతోంది. నేను పక్కన నడుస్తూ చెబుతున్నాను. చెప్పడం అయిపోయాక కూడా రెండు మొక్కలు దాటింది.

"నాకు గా రూములనే ఎరుకైంది" అంది.

నేను ఆమె వైపు తిరిగాను.

"గా సారు అడిగిండు. రికార్డు రాసిన పిల్లవు నువ్వేనా అని."

"నువ్వేమన్నవ్?"

"అవును సార్ అన్న."

నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు. వెనక్కి తిరగకుండానే చెప్పింది. "కాదంటే నిన్ను మళ్ల లోపలికి పిలుస్తుండిరి. ఇద్దరిది అబద్ధమంటుండిరి. నీది గూడ పోతుండె. ఇద్దర్ల ఒక్కలకన్న రానీ అనుకున్న."

"మరి నన్నెందుకు అడగలే? ఇన్ని రోజులు?"

ఈసారి నిలబడి నడుం పట్టుకుని నిటారుగా లేచింది. ఎండ ఆమె మొహం మీద పడింది. కళ్లలో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది.

"అడుగుతె నువ్వేం చెప్తుంటివి?" అంది. "నువ్వు ఉద్యోగానికి పోతవు, మంచిగుంటవు అనుకున్న. గిప్పుడు గా ఉద్యోగం గూడ లేకపాయె. ఎవ్వలకు గాకుండ పాయె."

సాలు చివర వాళ్ల అమ్మ కూచుని నీళ్లు తాగుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపి దగ్గరికి రమ్మంది. ఆమె ఆ వైపు చూసి గొంతు తగ్గించింది.

"మా అమ్మకు ఏం తెల్వదు. చెప్పకు. బస్సుకు యాళ్లయితుంది, పో. మళ్ల రాకు."

చివరి రెండు మాటలు గట్టిగా అనలేదు. పక్కన ఎవరైనా విన్నా మామూలు మాటలనుకునేవాళ్లు.

నేను చేయగలిగింది ఏముందని చాలా ఆలోచించాను. కాలేజీకి వెళ్లి మా ప్రాజెక్టు చూసిన సారును కలిశాను. సర్క్యూటు, ప్రోగ్రాము పూర్తిగా ఆమెవేనని ఒక ఉత్తరం రాసివ్వమని అడిగాను, ఇంకెక్కడైనా ఉద్యోగానికి పనికొస్తుందని. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "నాకు మొదటి నుంచీ తెలుసమ్మా. ఆ రోజు శాలువా కప్పుతున్నప్పుడు కూడా తెలుసు" అన్నాడు. తెలిసి ఎందుకు ఊరుకున్నారని నేను అడగలేదు, ఆయన కూడా చెప్పలేదు. ఉత్తరం మాత్రం రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దాన్ని ఫోటో తీసి ఆమెకు పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. కోడేరుకు వెళ్లి కాగితమే ఇద్దామనుకుంటే, ఇల్లు తాళం వేసి ఉంది. పత్తి పని అయిపోగానే అందరూ పుణె వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు.

ఇప్పుడు నేను వనపర్తిలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉన్నాను. దరఖాస్తులు టైపు చేస్తాను. ఇంజనీరింగ్ చదివి ఇదేంటని మొదట్లో అడిగేవాళ్లు. నా పక్క సీట్లో ఉన్న అబ్బాయి కూడా ఇంజనీరే. ఎదురు సీట్లో ఉన్నామె కూడా.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసులోంచే ఆమె నంబరుకు మళ్లీ చేశాను. అంతకుముందు చాలాసార్లు చేసినా ఎత్తలేదు గనుక ఈసారీ ఎత్తుతారనుకోలేదు. వాళ్ల అమ్మ ఎత్తింది. వెనక ఏదో యంత్రం చప్పుడు.

"పిల్ల పని మీదుంది బిడ్డా. సైటుల మోటరు కాలింది, దాన్ని ఇప్పి చూస్తుంది. ఈడ అందరు మా పిల్లనే పిలుస్తరు" అంది. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "నువ్వు గద్వాల పిల్లవు కదా? పెద్ద కంపెనీల చేస్తున్నవంట. మా పిల్ల చెప్పింది. మంచిగుండు బిడ్డా, సల్లగుండు."

చెప్పొద్దని చేలో ఆమె అన్న మాట గుర్తుంది. అయినా ఆ దీవెనను తీసుకుని ఊరుకోలేకపోయాను.

"లేదమ్మా. ఆ ఉద్యోగం లేదు. వచ్చినప్పుడు కూడా అది మీ పిల్లకు రావాల్సింది. నేను అబద్ధం చెప్పి తీసుకున్న."

"ఏమో బిడ్డా, ఇనొస్తలేదు. మిషను చప్పుడు."

మళ్లీ చెప్పాను, గట్టిగా. ఆఫీసులో టైపు చేస్తున్న చేతులు ఆగాయి. అటు వైపు యంత్రం కూడా ఆగినట్టుంది. ఈసారి విన్నదని ఆ నిశ్శబ్దంలో తెలిసింది.

"గిప్పుడు చెప్తే ఏమొస్తది బిడ్డా" అంది. "పిల్ల వచ్చినంక చెప్త. మాపటికి చేస్తదిలే."

ఆ సాయంత్రం ఆఫీసు మూసేదాకా ఫోను ముందు పెట్టుకుని కూచున్నాను. ఆమె చేయలేదు. తర్వాత కూడా చేయలేదు.